నడికొల్లేట్లో ఆగే మోటారు

జూలై 9, బుధవారం

మళ్లీ ఆగింది. రేవు నుంచి ఇరవై నిమిషాలు బాగానే నడిచి, సరిగ్గా నడికొల్లేట్లో ఆగింది. అబ్బాయిరాజుగారు తాడు ఇరవైరెండుసార్లు లాగారు. లెక్కపెట్టాను, ఇంకేం చెయ్యను? అటు లంక కనపడదు, ఇటు రేవు కనపడదు. నాకు ఈత రాదు. అరగంట పోయాక ఏ దేవుడు కరుణించాడో స్టార్ట్ అయింది. ఫోన్లో ఫేస్ అటెండెన్స్ 9.34కి పడింది. లేట్.

ఏలూరులో పద్నాలుగేళ్లు హాయిగా పనిచేసి, ట్రాన్స్‌ఫర్లలో ఈ లంక స్కూలుకి వచ్చి పడ్డాను. పదకొండు మంది పిల్లలు. టీచర్ని నేనొక్కదాన్నే. రేవు దాకా బస్సు, అక్కణ్ణుంచి నలభై నిమిషాలు పడవ. పడవ కాంట్రాక్టు మండలం వాళ్లు అబ్బాయిరాజుగారికి ఇచ్చారు. అరవై దాటిన మనిషి. మర్యాదకి లోటు లేదు. మర్యాదతో మోటారు నడవదు కదా.

జూలై 11, శుక్రవారం

ఇవాళ ఆగలేదు.

జూన్ చివర్లో ఓ రోజు గాలివానలో చిక్కుకున్నాం. ఆ మర్నాటి నుంచి పడవ ఎక్కగానే మోటారు నెత్తిన, ట్యాంకు మూత మీద, తడిపిన పసుపూ కుంకుమా అద్ది దణ్ణం పెట్టుకుంటున్నాను. తాడేపల్లిగూడెంలో మా నాన్న కొట్లో తక్కెడకీ, గల్లాపెట్టెకీ, ఆఖరికి ఫ్రిజ్‌కీ బొట్టు పెట్టేవాళ్లం. నవ్వేవాళ్లు నవ్వుకోనీ. అది లేకపోతే నేను ఆ పడవలో కాలు పెట్టలేను. అబ్బాయిరాజుగారు మాత్రం నవ్వరు. నా దణ్ణం అయ్యేదాకా తాడు ముట్టుకోరు.

జూలై 15, మంగళవారం

ఆగింది. వేడెక్కిందండి మేడమ్ గారూ అని చెంబుతో నీళ్లు పోశారు. నిన్ననే కొత్త ప్లగ్గు వేశానండి అన్నారు. మొన్న కార్బొరేటర్ కడిగారట. చోక్ లాగారు, నెట్టారు, మళ్లీ లాగారు. చివరికి మూత తీసి ట్యాంకులోకి తొంగి చూశారు. పెట్రోలు సగానికి పైనే ఉంది. మూత పెట్టి లాగితే స్టార్ట్ అయింది. చూశారాండీ, చల్లారాలంతే అన్నారు.

నాకు కిరోసిన్ వాసన వచ్చినట్టనిపించింది. కల్తీ చేస్తున్నారా అని మొహం మీదే అడిగేశాను. అంత మాట అనకండి, మోటారుకి పడాల్సిన ఆయిలు తప్ప ఇంకేమీ కలపనండి అన్నారు. నేను నమ్మలేదు.

జూలై 16, బుధవారం, ఉదయం 8.50, పడవలో

ఆగి ఉన్నాం. కొంగలు నాకంటే ముందు స్కూలుకి వెళ్తున్నాయి.

జూలై 22, మంగళవారం

ఈ నెలలో అయిదు లేట్లు. ఇక ఊరుకోలేదు. ఎంఈఓ సత్యనారాయణమూర్తిగారికి కంప్లైంట్ రాసి స్వయంగా ఇచ్చి వచ్చాను. నాలుగు పేరాలు. మోటారుకి మెయింటెనెన్స్ లేదు, పెట్రోలు కల్తీ అని అనుమానం, మనిషిని మార్చండి. నెగ్లిజెన్స్ అన్న మాట రెండుసార్లు వాడాను. కోపంలో నా చేతిరాత భలే అందంగా వస్తుంది.

జూలై 29, మంగళవారం

ఎంఈఓగారు ఫోన్ చేశారు. సోమవారం రేవు దగ్గర ఎంక్వైరీ పెడతారట. పడవాయనదే తప్పని తేలితే ఆగస్టు పదహారో తేదీ నుంచి కొత్త మనిషి వస్తాడన్నారు.

కబురు అబ్బాయిరాజుగారికి నాకంటే ముందే చేరింది. అయినా రోజూలాగే నేను ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి చెయ్యి చాచారు. ఆదివారం మోటారుని ఏలూరులో శ్రీహరి షెడ్డుకి తెస్తానండి, మీరూ ఒకసారి రండి, మీ అనుమానం తీరాలి కదండీ అన్నారు. ఆ గొంతులో కోపం ఉంటే నాకు బాగుండేది.

ఆగస్టు 3, ఆదివారం

మెకానిక్ శ్రీహరి కుర్రవాడే కానీ పని తెలిసినవాడు. మోటారుని నీళ్ల డ్రమ్ముకి బిగించి నడిపాడు. పెట్రోలు వాసన చూసి, మంచిదేనండి అన్నాడు. నా మొదటి అనుమానం అక్కడే పోయింది. అరగంట నడిచి మోటారు ఆగింది. లాగితే రాలేదు. శ్రీహరి ట్యాంకు మూత కాస్త వదులు చేశాడు. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. మూత బిగించాడు, కాసేపటికి ఆగింది. వదులు చేశాడు, స్టార్ట్ అయింది.

మూత తీసి పిన్నీసుతో గీకాడు. పచ్చటి పెచ్చు ఊడి పడింది, వెనకే కాస్త ఎర్రది. దాని కింద సన్నటి చిల్లు. ట్యాంకులోకి గాలి వెళ్లాల్సిన దారి అదేనట. అది మూసుకుపోతే పెట్రోలు దిగదు. అందుకే నడికొల్లేట్లో ఎప్పుడు మూత తీసి చూసినా స్టార్ట్ అయ్యేది. చల్లారి కాదు.

నూనె డబ్బాకి రెండు చిల్లులు పెడితేనే ధార సరిగా పడుతుందని మా నాన్న కొట్లో ఆరేళ్లకే నేర్చుకున్నాను. పైగా ఫిజిక్స్ బీఎస్సీ. ఎంత సిగ్గు!

ఇక్కడ బొట్టు పెట్టిన మహానుభావులెవరండీ అని శ్రీహరి నవ్వాడు. నేను నోరు తెరిచేలోపే, నేనేనండి, ఇంట్లో ఆడవాళ్లు చెబితేనూ అన్నారు అబ్బాయిరాజుగారు. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను డ్రమ్ములో నీళ్లు చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 4, సోమవారం

దారిలో మోటారు ఆగలేదు.

సాయంత్రం రేవులో ఎంక్వైరీ. సర్పంచ్ వచ్చారు, పిల్లల తల్లిదండ్రులందరూ వచ్చారు. మూత నేనే చూసుకోలేదండి, తప్పు నాదేనండి అన్నారు అబ్బాయిరాజుగారు. మీరేమైనా చెబుతారా మేడమ్ అని ఎంఈఓగారు అడిగారు.

లేదండి అన్నాను.

పదహారు నుంచి కొత్త మనిషి.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున పడవలో అడిగేశాను, ఎందుకలా చెప్పారని. మోటారు నెమ్మది చేసి చెప్పారు. మీరు మోటారుకి ఆ బొట్టు పెట్టబట్టే ధైర్యంగా ఎక్కుతున్నారండి. దానివల్లే ఆగిందని ఊరంతా నవ్వితే మీరు ఇటు రారు. మీరు రాకపోతే బడి మూసేస్తారండి. మా మనవరాలు మూడో తరగతి కదండీ. నాకేముందండి, మోటారు రాకముందు గెడ వేసి పడవ నడుపుకుని బతకలేదాండీ అన్నారు.

ఏడ్చాను. అయ్యేదాకా ఆయన అటు తిరిగి నీళ్ల మీది గుర్రపు డెక్క వైపు చూస్తూ కూర్చున్నారు.

నేను పిరికిదాన్ని. నీళ్లంటేనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆగస్టు 6, బుధవారం

సాయంత్రం ఎంఈఓగారి ఆఫీసుకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఎంక్వైరీ అయిపోయిందమ్మా, నోటిమాట పనికిరాదు, రాసి ఇవ్వాలన్నారు. రాసిస్తే తప్పుడు కంప్లైంట్ చేసినట్టు మీ మీదికి వస్తుంది, మెమో వస్తుంది, సర్వీస్ రిజిస్టర్‌లోకి ఎక్కవచ్చు, ఒక రోజు ఆలోచించుకోండి అన్నారు. మంచి మనిషి.

ఒక రోజు ఆగితే మళ్లీ లేదండి అంటానని నాకు తెలుసు. అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఒకటే పేరా. అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆగస్టు 14, గురువారం

ఆర్డర్ వచ్చింది. ఈ ఏడాది పడవ అబ్బాయిరాజుగారిదే.

ఊరంతా నవ్వింది. రెండో తరగతి వాళ్లు కూడా నవ్వారు. నవ్వితే ఏమీ కాలేదు. బతికే ఉన్నాను, పడవా ఎక్కుతున్నాను.

ఆగస్టు 21, గురువారం

సన్నగా తుంపర. రేవులో పోస్ట్‌మ్యాన్ నా పేర వచ్చిన కవరు అబ్బాయిరాజుగారికి ఇచ్చి వెళ్లాడట. తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని ఉంచారు. పడవలోనే చించాను. మెమో. పది రోజుల్లో సంజాయిషీ.

తాడు చేత్తో పట్టుకుని, మంచి కబురేనాండీ అని అడిగారు.

అవునండి అన్నాను.