ఇరవై వేల అడుగుల ఎత్తున రాసిన ఉత్తరం

ఒహాయో, 1943 ఫిబ్రవరి

ఆర్డిస్ గారికి ఎల్మర్ రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరూ, మీ అమ్మగారూ క్షేమమని తలుస్తాను. బాంబర్ విమానంలోంచి బాంబులు దించేసి, ఏదో పరీక్షకని మమ్మల్ని ఎక్కించారు. చాలా ఎత్తున ఉన్నాం. ఊరికే కూచోకుండా తోచింది రాయమన్నాడు డాక్టరు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఆర్డిస్! నాకిప్పుడు ఎవరన్నా భయం లేదు. మీ అమ్మన్నా లేదు. క్రిస్మస్‌కి ఆవిడ బూడిదనీళ్ళలో నానబెట్టి వండే ఎండుచేప ఉందే, దాన్ని పిల్లికి వేశాను. పిల్లి కూడా ముట్టలేదు. చర్చిలో నేను పాడనని నీకు తెలుసా? నీ గొంతు వినడానికి పెదాలు మాత్రం కదుపుతాను. నన్ను పెళ్ళి చేసుకో. ఇంత తెలివి నాకెన్నడూ లేదు.

ఇట్లు, నీ ఎల్మర్

తా.క. కిటికీలోంచి మన మిన్నెసోటా కనబడుతోంది. ఇక్కణ్ణుంచి కనబడదు. అయినా కనబడుతోంది.

*

ఎల్మర్ గారికి ఆర్డిస్ రాయునది. అక్షరాలు తూలడం చూస్తేనే తెలుస్తోంది, తమరేం పుచ్చుకున్నారో. చలికని డాక్టరే పోశాడేమో! మా నాన్న చేత తాగుడు మానిపించడానికి అమ్మ పడ్డ పాట్లు మీకు తెలియనివా? మీ ఉత్తరం అమ్మ నా భుజం మీదుగా చదివింది. చేప సంగతి దగ్గరికి రాగానే కూలబడింది. మిగతాది నేనొక్కదాన్నే చదువుకున్నాను.

ఇట్లు, ఆర్డిస్ లుండీన్

తా.క. తాగని రోజున రాసి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

*

ఆర్డిస్ గారికి, ఒట్టు, చుక్క ముట్టలేదు. పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది. పరీక్ష కోసం మా మాస్కు గొట్టంలో ఆక్సిజన్ కూడా తగ్గిస్తారు. తగ్గితే మనిషికి బాధ తెలియదు. పైగా హాయిగా ఉంటుంది, తనంత మొనగాడు లేడనుకుంటాడు. రాత ఎలా మారుతుందో చూడ్డానికే మా చేత రాయిస్తారు. ఆ కాయితం డాక్టరుకివ్వాలి. నేనేమో అలవాటు కొద్దీ మీ చిరునామా రాసి కవరులో పెట్టేశాను. ఎవరో పోస్టు చేసేశారు. కాబట్టి అందులో ఉన్నదేదీ పట్టించుకోకండి. అంతా గాలిమాటే.

ఇట్లు, సిగ్గుతో, ఎల్మర్ టోస్టెరుడ్

తా.క. రేపు మళ్ళీ ఎగరాలి. ఈ పూట చిక్కుడుగింజలు పెట్టరు. పైకెళ్తే పొట్టలో గాలి ఉబ్బుతుంది. విమానం చిన్నది, మేం చాలామందిమి.

*

ఎల్మర్ గారికి, అంతా అంటే అంతానా? సరే. తాగలేదని చదివి సంతోషించినదాన్ని అక్కడితో చదవడం ఆపాల్సింది.

ఇంగ్లండు నుంచి మా తమ్ముడు వెర్నర్ రాశాడు. వాడి బాంబర్లో తోక దగ్గర తుపాకీ పట్టే అబ్బాయి మాస్కు గడ్డకట్టిందట. విమానం లోపలి ఫోనులో ఏదో చెప్పి తెగ నవ్వాడట. అందరూ నవ్వారట. తరవాత వెళ్ళి చూస్తే ప్రాణం లేదు. నవ్వినందుకు వెర్నర్ కుమిలిపోతున్నాడు. రేపు వాడికే అలా అయితే? మీ పరీక్షలు అలాంటివాళ్ళకి పనికొస్తే ఎగరండి. నాకేం రాయకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు, ఆర్డిస్

తా.క. ఫర్వాలేదంటే నిజంగానే ఫర్వాలేదనుకుని ఊరుకునే రకం మీరు. అందుకే ఈ ముక్క.

*

ఆర్డిస్, వెర్నర్ సంగతి డాక్టరుకి చదివి వినిపించాను. ఊపిరి తగ్గుతున్నవాడికి తన సంగతి తనకు తెలియదట. పక్కవాడే మాటిమాటికీ పిలిచి పలకరించాలి. నవ్వితే నమ్మకూడదు. అది పైవాళ్ళకి గట్టిగా రాస్తానన్నాడు. నువ్వూ వెర్నర్‌కి ఇవాళే రాయి. నవ్విన తప్పు వాడిది కాదని కూడా రాయి.

ఇక నా సంగతి. పరీక్ష కాయితం పోగొట్టినందుకు క్షమించమన్నాను. డాక్టరు పకపకా నవ్వాడు. "అది పోతే పోయిందిలేవోయ్! ప్రతిసారీ ఒకడికి మాత్రం గాలి తగ్గించకుండా వదిలేస్తాం. పోల్చి చూసుకోవడానికి. ఆ సంగతి వాడికి చెప్పం. ఆ రోజు ఆ ఒక్కడివి నువ్వే" అన్నాడు.

ఆర్డిస్, నా గొట్టంలో ఆక్సిజన్ చివరిదాకా నిండుగానే ఉంది. అక్షరాలు తూలింది చలికి. మిగతాదంతా నేనే. శనివారం రైలుకి వస్తున్నాను. నేలమీద నిలబడి అడుగుతాను.

ఇట్లు, నీ ఎల్మర్

తా.క. నిజంగా గాలి తగ్గించినవాళ్ళలో నా పక్కన కూచున్న గస్ ఒకడు. పేజీ నిండా వాళ్ళావిడకి "ఇక్కడ వాతావరణం బాగుంది" అనే రాశాడు. డాక్టరు చూశాక దాన్ని ఆవిడకి పంపితే, చదివి, మా ఆయన ఎప్పుడూ ఇలాగే రాస్తాడంది.