వెనక్కి తిరిగిన సూర్యుడు

అట్లాస్ కొండ మీది వేధశాల,
14 నవంబర్ 2019, గురువారం

డాక్టర్ బెర్రాదా గారికి,

సలాం. రబాత్‌లో మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ అద్దాలు తుడిచే ఈ యెద్దర్ క్షేమమే. సూర్యుణ్ణి గీసే బా హద్దూ లేడు. పోయిన శుక్రవారం మట్టి చేశాం. కబురు పంపినా మీరు రాలేదు. మంచిదే, వచ్చుంటే పిడికెడు మట్టి కూడా వెయ్యనిచ్చేవాణ్ణి కాదు.

నలభై ఒక్క ఏళ్లు ఆయన రోజూ పొద్దున టెలిస్కోప్ వెనక తెర మీద పడ్డ సూర్యబింబాన్ని కాగితం మీదికి ఎత్తాడు. మచ్చలుంటే మచ్చలు, లేకపోతే ఖాళీ వలయం. పదకొండేళ్లకోసారి సూర్యుడి అయస్కాంత బలం నీరసిస్తుందనీ, అప్పుడు వారాల తరబడి మచ్చే రాదనీ, తను చూడ్డం ఇది నాలుగోసారనీ నాకు చెప్పింది ఆయనే. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నా చదువంతా ఆయన మాటలూ, ఆయన పారేసిన కాగితాలూ.

సెప్టెంబర్‌లో మీరేం చేశారు? ఆయన ఖాళీ వలయాలన్నీ టీ బల్ల మీద పరిచి, అందరి ముందూ "ఏం ముసలోడా, గిన్నె బోర్లించి గీశావా? కళ్లు పోయాయా, సిగ్గు పోయిందా?" అన్నారు. వంటమనిషి కూడా నవ్వాడు. "కళ్లే పోయుంటాయి, సిదీ" అన్నాడాయన. అంతే. మర్నాటి నుంచి పెన్సిల్ మీ చేతికొచ్చింది.

ఖాళీ కాగితాలు పంపితే పైవాళ్లు ఈ గది మూసేస్తారని మీ భయం. టెలిస్కోప్ మూతైనా తీయకుండా, మీ గదిలో కూచుని తొమ్మిది రోజులు మచ్చలు గీశారు. అందంగా గీశారు, ఒప్పుకుంటాను. కానీ తెర మీద బొమ్మ తిరగబడి పడుతుంది. అందుకే బా హద్దూ ముందు టెలిస్కోప్‌ని సూర్యుడి వెంట తిప్పే యంత్రం ఆపి, బింబం ఏ అంచుకు జారుతుందో చూసి, అక్కడ పడమర గుర్తు పెట్టేవాడు. ఆ తర్వాతే మచ్చ. సూర్యుడు తిరిగేకొద్దీ మచ్చ రోజురోజుకీ ఆ గుర్తు వైపే నడవాలి. మీ కాగితాల మీదా పడమర గుర్తుంది, మీ మచ్చలు మాత్రం దానికి దూరంగా నడిచాయి. మీ సూర్యుడు వెనక్కి తిరిగాడు, డాక్టర్ గారూ. తొమ్మిది కాగితాల మీదా మీ సంతకమే.

అన్ని దేశాల బొమ్మలూ కూర్చేవాళ్ల నుంచి నిన్న జవాబొచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఎవరికీ ఒక్క మచ్చా కనిపించలేదట. సంజాయిషీ అడిగారు. నకలు మంత్రిగారి కచేరీకి వెళ్లింది. అసలుది దీనికి జతచేశాను. భద్రంగా దాచుకోండి.

మీ దయ అక్కర్లేని,
యెద్దర్

తా.క. మూత తీయలేదని నాకు మొదటి రోజే తెలుసు, దాని మీది దుమ్ము తుడిచేది నేనే. దిక్కు తప్పిందని నాలుగో కాగితానికి తెలిసింది. అప్పుడే నోరు విప్పుంటే ముసలాయన మర్నాడే పెన్సిల్ పట్టేవాడు. కానీ నాలుగంటే పొరపాటని తప్పించుకునేవారు. అందుకే తొమ్మిదీ అయి, కవరు పోస్టులో పడేదాకా ఆగాను. జవాబొచ్చేదాకా మళ్లీ ఆగాను. ఈలోగా ఆయన మంచం పట్టాడు. రోజూ అడిగేవాడు, "ఒరే యెద్దర్, ఆ మచ్చలు నిజంగా ఉన్నాయా? నాకే కనబళ్లేదా?" అని. నిజం చెబితే మీ చెవిన పడుతుందని, ఉన్నాయి బా అన్నాను. ఆఖరి రోజు కూడా అదే అన్నాను.