పట్నానికి ఒక్క టికెట్టే

గద్వాల, మాఘం, మంగళవారం రాత్రి

మా బిడ్డ లచ్చి వంకర పాదానికి కట్టు మార్చాలి, నెలనెలా తీసుకురమ్మని పట్నం దవాఖానలో చెప్పారు. పోయిన నెల ఆయనా నేనూ వెళ్లి సత్రంలో దిగాం. ఇక్కడ మగ్గం ఆగిపోయింది, అక్కడ చేతిలో ఉన్నదంతా కరిగిపోయింది. అందుకే ఈసారి ఆయన మగ్గం వదలరు. నేను పక్కింటి కాశింబీతో రైల్లో ఆడవాళ్ల డబ్బాలో వెళ్తాను. దవాఖాన వెనకాలే ఆమె అక్క ఇల్లు, అక్కడే దిగుతాం. ఒక్క టికెట్టు చాలు, లచ్చికి ఇంకా మూడేళ్లు నిండలేదు.

ఆ మాట వినగానే అత్త పొయ్యి ముందు నుంచి లేచింది.

"మొగతోడు లేకుండ పోతవా? వాళ్లింట్ల అన్నం తింటవా? బీచుపల్లి అంజన్నకు మొక్కుకుంటె సాలదా?"

"అంజన్నే మందు కోసం కొండదాక పోయిండు గదత్తా. నేను పట్నందాక పోత," అన్నాను.

ఆయన తలెత్తలేదు, మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూనే ఉన్నారు. వద్దని మాత్రం అనలేదు.

కట్టు విప్పాక పాదం తిన్నగా వస్తుందో రాదో డాక్టరు కూడా చెప్పలేదు.

దీపాలు పెట్టాక అత్త అటక మీది ఇత్తడి గుండిగ దించి తోమి, బియ్యం మూటతో తెచ్చి నా ముందు పెట్టింది. "పోతె పో. నీ వంట నువ్వు యేరె వండుకో."

బియ్యం మూట సర్దుకున్నాను. కాశింబీ వాళ్ల అక్క పొయ్యి మీద అందరికీ కలిపే వండుతాం. గుండిగను మళ్లీ అటకెక్కించాను. లచ్చిని ఎత్తుకుని నడవాల్సిన దాన్ని, ఇంకో బరువు మోయను.