రాములు బావకు పోయినేటి వాన

అమ్మా సుహాసినీ, నువ్వు చల్లగా ఉండాలి. ఉప్పునుంతలలో మేమంతా తడిసి ఉన్నాం. నాకు టైపు చేయరాదు కనుక ఈ ఉత్తరం రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

పోయినేడు వచ్చినప్పుడు, టీవీలో వచ్చేవన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో వేసి వెళ్లావు కదా. మొన్న మీ నాయన టీ తాగడానికి వచ్చాడు. బావను ఆటపట్టించకపోతే నాకు అన్నం అరగదు కనుక, అందులో దాచిన పోయినేటి వార్తలు ఇవాళ్టివే అన్నట్టు కంప్యూటర్‌లో పెట్టాను. "మూడు గంటల్లో భారీ వర్షం" అన్నది వార్తలమ్మాయి. మీ నాయన బయటికి ఉరికి, గడ్డంతా కొట్టంలోకి మోసి, మేకలను వంటింట్లో కట్టేశాడు. నేను నవ్వుతుండగానే నిజంగా వాన కొట్టింది. ఊళ్లో తడవనిది ఆయన గడ్డి ఒక్కటే.

ఇప్పుడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, పత్తి విత్తనాలతో మా అరుగు మీద కూర్చున్నాడు.

"నీ డబ్బ చెప్తెనే విత్తు పెడ్త" అంటాడు.

అది పోయినేటి వార్తేనని ఒట్టేసి చెప్పాను.

"గట్లయితే దానికి ఏడాది ముందుగాలనే తెలుసన్నట్టు గద బామ్మర్దీ!" అన్నాడు.

ముప్పై ఏళ్లు అబద్ధాలాడిన నోరు కదా, నిజం చెబితే నమ్మడు. నువ్వు ఫోన్ చేస్తే "మామతో కలిసినవ్" అంటాడు. చేలో వాన పదును ఆరిపోతోంది, రెండు రోజులు దాటితే విత్తనం మొలవదు. పోయినేడు "పత్తి విత్తుకోండి" అన్న రైతుల కార్యక్రమం ఎక్కడ దాచావో వెంటనే చెప్పు. ఇదే విత్తే అదునన్న నిజం చెప్పడానికి నాకు అదొక్కటే దారి.

ఇట్లు,
బొట్టు పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చున్న నీ మామ