తాళం వెనక ఉన్నవాడికి కబురు

మార్తా,

నీ మీద కోపం ఇన్నేళ్లయినా చావలేదు. ఆర్థిక శాఖ నేలమాళిగలో, గుట్టు బయటికి పొక్కకుండా బడ్జెట్ అచ్చువేస్తూ మేం తాళం వెనక ఉన్నప్పుడు నీకు జ్వరం ముదిరింది. నాకు కబురు పంపొద్దని అందరి నోళ్లూ మూయించావు. నేను బయటికొచ్చేసరికి నన్ను గుర్తుపట్టే స్థితిలో లేవు, అలాగే పోయావు.

ఇప్పుడు మన డేవిడ్‌దీ అదే పని. మొన్న అచ్చు మొదలుపెట్టే ముందు ఆనవాయితీగా హల్వా పంచి, వాళ్లని లోపల పెట్టి తాళమేశారు. నిన్న కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మందులతో ఆపారు, శుక్రవారం ఆపరేషన్. ఇద్దరికీ గండమేనంటున్నారు.

"గేటు దగ్గర ఉండే అధికారితో చెప్పి వాడికి కబురంపుతా" అన్నాను.

"వద్దు మామయ్యా. బడ్జెట్ చదివేదాకా బయటికి రానివ్వరు. లోపల ఊరికే కుమిలిపోతారు" అంది.

అచ్చం నీలాగే. ఆ పిల్ల మాట వినాలా, వాడికి చెప్పాలా? గురువారం పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి.