ఐరిస్‌కు అందని చలి

దోర్నపాల్, ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

సాహెబు వచ్చి వెళ్ళారు. రెస్ట్ హౌస్ తోటలో చలిప్రాంతం నుంచి తెప్పించిన ఐరిస్ పూలమొక్కలు పూయలేదు. పగలు పొడుగైతే పూస్తాయన్న సాహెబు ఉత్తర్వు మేరకు నెలరోజులుగా సాయంత్రాలు దీపాలు వెలిగించి, సూర్యుని పనివేళలను పొడిగించాము. మొక్కలు ఆకులు మాత్రమే సమర్పించాయి.

"ముందుగాల చలి తినాలె సార్, అప్పుడే లోపల మొగ్గ కడతది. ఈడ చలేది? ఉత్త లైటు ఏస్తే ఏమొస్తది?" అన్నాడు మాలీ ముత్తయ్య, సాహెబు వెళ్ళాక నేను జరిపిన విచారణలో.

ఈ చలి మాట నవంబరులో మొక్కలు నాటినప్పుడే నాతో అన్నాడు. నేను పైకి పంపలేదు. ఉత్తర్వుతో విభేదించే వాతావరణాన్ని నివేదించే ఆనవాయితీ మా కార్యాలయంలో లేదు.

మాలీ నిర్లక్ష్యమే కారణమని మా కార్యాలయ భాషైన హిందీలో నివేదిక రాశాను. రేపటినుంచి అతనికి పని లేదు. చదువురాని ముత్తయ్య చేత దానిపై వేలిముద్ర వేయించాను.

"చలి సంగతి రాసిన్రా సార్?" అని అడిగాడు.

రాశానన్నాను.