గోడలో పెట్టని ఇటుక

పుల్లలచెరువు,
1945 మార్చి 6.

ప్రియమైన మగ్దలీనమ్మ వదినకు,

పద్దెనిమిదో తేదీ ఆదివారానికి మీ గది గోడ పూర్తవుతుంది. ఆ రోజే నిన్ను పుట్టింటి నుంచి తీసుకురావాలని అమ్మ ఆరాటం. అంతకుముందే నీకు నిజం తెలియాలి గనుక ఇప్పుడు రాస్తున్నాను. నేను నేర్పిన అక్షరాలు కూడబలుక్కుని నువ్వే చదువు. ఎవరిచేతా చదివించుకోకు.

చేటలకు అలికే కాగితం గుజ్జు నీకు తెలుసు కదా. అన్న యుద్ధం నుంచి వచ్చేసరికి మీకు వేరే గది ఉండాలని అమ్మ ఆ గుజ్జుతోనే ఇటుకలు చేయసాగింది. ఆసుపత్రిలో పారేసే అట్టపెట్టెలు, నా పాత నోటుపుస్తకాలు, దుకాణం పొట్లాల కాగితాలు, ఏవీ వదల్లేదు. మూడు రోజులు నానబెట్టి, రోట్లో దంచి, ఎర్రమన్నూ సున్నమూ కలిపి చెక్క అచ్చులో పోస్తుంది. "ఎంత తేలిగ్గా ఉందో సూడు. రేపు నా మనవడు కూడా ఎత్తుతాడు" అని నవ్వేది. అన్న ఉత్తరాలను మాత్రం ముట్టనివ్వలేదు. వాటిని తగరపు పెట్టెలో దాచే పని నాది.

జనవరిలో పటాలం నుంచి కాగితం వచ్చింది. అన్న బర్మాలో చనిపోయాడని ఉంది, వదినా.

"ఏం రాసినాడే?" అమ్మ రోకలి ఆపి అడిగింది.

"బాగున్నాడంట. నిన్ను ఎక్కువ కష్టపడొద్దన్నాడు."

మా ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేనేం చదివితే అదే ఉత్తరం. ఆ కాగితం చింపి నానబెట్టిన కుండలో కలిపేశాను. అమ్మే దాన్ని దంచింది. తర్వాత రెండు ఉత్తరాలు నేనే రాసి, నేనే చదివి, పెట్టెలో పెట్టాను. నీ కాలి నొప్పి తగ్గిందా అని అన్న అడిగినట్టు నీకు రాశానే, అదీ నా కల్పనే. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

నిన్న ఇటుకలు తిరగేస్తూ అమ్మ ఒకటి నా దగ్గరకు తెచ్చింది. దాని మీద నలగకుండా మిగిలిన చిన్న ముక్క, అందులో అన్న ఉత్తరాల మీద ఉండే పటాలం ముద్ర సగం.

"వాని కాగితం ఒక్కటి గూడా కుండలో ఎయ్యొద్దని చెప్పినాను గదా. దీన్ని ఎందుకేసినావే, ఎలీషబా?"

ఆమె మళ్ళీ అడగలేదు. ఆ ఇటుకను పాత చీర ముక్కలో చుట్టి పక్కన పెట్టుకుని, మిగిలినవి పేరుస్తోంది. గోడలో ఒక ఇటుక పట్టేంత సందు వదిలేసింది.

వదినా, నీకంటే ముందు అమ్మకు చెప్పడం న్యాయం కాదనిపించింది. ఒక్కదాన్నే చెప్పలేను కూడా. నువ్వు వస్తావో, నన్నే మీ బేస్తవారిపేట వచ్చి నిన్ను తీసుకురమ్మంటావో పదిహేనో తేదీలోగా ఒక్క ముక్క రాయి. ఈసారి నీ నుంచి వచ్చే ఉత్తరంలో ఏముంటే అదే అమ్మకు చదువుతాను.

నీ ఆడబిడ్డ,
ఎలీషబా